గ్లాసు మూతిని నిండు సున్నాలాగే గీస్తోంది, ఏం చేయించాలి?

మా పాపకి 8 ఏళ్లు. పుస్తకంలో బొమ్మ చూసి చక్కగా దించేస్తుంది. ఎదురుగా గ్లాసు పెట్టి గీయమంటేనే చిక్కు. మూతి నిండు సున్నాలా, గ్లాసు అడుగు భాగమేమో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వస్తోంది.

రెండు నెలలుగా వారానికి మూడు రోజులు, 20 నిమిషాల చొప్పున కూర్చుంటున్నాం. హెచ్‌బీ బదులు ఇంకాస్త మెత్తగా ఉండే 2బీ పెన్సిల్ ఇచ్చాను. ఒత్తి గీయడం తగ్గింది కానీ ఆకారం మారలేదు. గ్లాసుని కంటి ఎత్తుకి లేపి చూపిస్తే "మూతి గీతలా అయిపోయింది!" అని తనే అంది. కిందికి దించుతుంటే కోడిగుడ్డులా తెరుచుకోవడమూ గమనించింది. ఒక కన్ను మూయించి, తనకీ గ్లాసుకీ మధ్య నిలబెట్టిన, అవతలిది కనిపించే ప్లాస్టిక్ షీటు మీద మార్కర్‌తో అంచులు గీయిస్తే సరిగ్గానే వచ్చింది. షీటు తీసి కాగితం ఇవ్వగానే మళ్లీ అదే సున్నా. "గ్లాసు గుండ్రమే కదా" అంటుంది. అంటే కనిపించేది కాదు, తనకి తెలిసింది గీస్తోంది.

ఈ వయసులో చాలామంది ఇలాగే గీస్తారు, అందుకే నేను తప్పనడం లేదు. కానీ "నా గ్లాసు అలా లేదేంటి" అంటూ కాగితం చిరిగేదాకా రబ్బరుతో చెరుపుతుంటే మనసు చివుక్కుమంటోంది.

షీటు మీద కుదిరింది మామూలు కాగితం మీద కూడా కుదిరేలా, ఈ వయసు పిల్లలతో మీరు చేయించి ఫలితం చూసిన అభ్యాసం ఏది?