కిల్లింగ్ జోక్: బడ్జెట్ 35 లక్షల డాలర్లు, గ్రాస్ 44 లక్షలు. హిట్టా, ఫట్టా?

సెకండ్ షో:

సినిమా బాగుందా లేదా అనేది ఇక్కడ వద్దు, ఆ మొదటి అరగంట బ్యాట్‌గర్ల్ ట్రాక్ మీద ఇప్పటికే అందరూ జుట్లు పట్టుకున్నారు. నా డౌట్ డబ్బుల గురించి మాత్రమే. 2016లో వచ్చిన యానిమేషన్ సినిమా 'బ్యాట్‌మన్: ద కిల్లింగ్ జోక్' బడ్జెట్ 35 లక్షల డాలర్లు అంటున్నారు. థియేటర్లలో ప్రపంచం మొత్తం మీద వచ్చింది 44 లక్షలు. మన ట్రేడ్ లెక్కలో గ్రాస్‌లో సగం థియేటర్‌వాడికి పోతుంది, అంటే షేర్ 22 లక్షలు, పెట్టుబడి కూడా వెనక్కి రాలేదు. మరి హాలీవుడ్ స్టూడియో వార్నర్ వాళ్లు 2007లో 'సూపర్‌మ్యాన్: డూమ్స్‌డే'తో మొదలుపెట్టి ఇలాంటివి ఏళ్ల తరబడి దించుతూ వచ్చారు. లాభం లేకుండా ఇన్నేళ్లు ఎవడు తీస్తాడు?

ఇంకోటి, అసలు 35 లక్షల డాలర్లకి 76 నిమిషాల యానిమేషన్ ఎలా అవుతుంది? అప్పటి రేటులో మన డబ్బుల్లో 23 కోట్ల చిల్లర. స్పైడర్-మ్యాన్ యానిమేషన్ 'స్పైడర్-వెర్స్' మొదటి సినిమాకి 9 కోట్ల డాలర్లు పెట్టారు కదా. హైదరాబాద్‌లో ఇన్ని యానిమేషన్ స్టూడియోలు ఉన్నాయి, ఆ రేటుకి మనవాళ్లు ఇలాంటివి ఎందుకు తీయరు? తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

నైజాం షేర్:

బ్రో, నువ్వు గ్రాస్, షేర్ లెక్క కరెక్టుగానే వేశావు కానీ తప్పు సినిమాకి వేశావు. ఇవి పుట్టుకతోనే నాన్-థియేట్రికల్ సినిమాలు. మన పెద్ద హీరో సినిమాకి శాటిలైట్, ఓటీటీ, ఆడియో డబ్బులు ఎలాగో వీటికి డిస్కులు, డిజిటల్ అమ్మకాలు అలాగ. తేడా ఏంటంటే వీటికి ఆ డబ్బులే మొత్తం బిజినెస్, థియేటర్ అనేది లెక్కలోనే లేదు.

కిల్లింగ్ జోక్‌ని థియేటర్లో వేసింది ఎలాగో చూడు. జులై 25, 2016 సోమవారం, థియేటర్లలో స్పెషల్ షోలు వేసే ఫాథమ్ ఈవెంట్స్ వాళ్ల ద్వారా అమెరికాలో ఒక్క రాత్రి షోలు అన్నారు, టికెట్లు బాగా తెగేసరికి పక్క రోజు కూడా కొన్ని కలిపారు. అమెరికాలో దాదాపు 38 లక్షల డాలర్లు వచ్చింది ఆ కాస్త టైములోనే. మర్నాడే డిజిటల్‌లో పెట్టేశారు, ఆగస్టు 2న డిస్క్ షాపుల్లోకి వచ్చింది. మన సినిమాలకి అమెరికాలో వేసే ప్రీమియర్ల లాంటిది అనుకో, కాకపోతే ప్రీమియర్ అయ్యాక అసలు సినిమా రన్ ఉండదు. ఎదురు ఖర్చు పెట్టి యాడ్ వేయించుకోవాల్సిన చోట, జనమే డబ్బులిచ్చి ఆ యాడ్‌ని చూసి వెళ్లారు. షేర్ 20 లక్షలు వచ్చినా అది పైసంపాదనే.

దీనికి రివర్స్ కేసు ఒకటి ఉంది, 1993 నాటి 'బ్యాట్‌మన్: మాస్క్ ఆఫ్ ద ఫాంటాజమ్'. దాన్ని మొదట నేరుగా వీడియోలో వదలడానికే మొదలుపెట్టారు. మధ్యలో స్టూడియోకి ఏం తోచిందో థియేటర్‌కి వేద్దాం అన్నారు. టీవీ సైజుకి వేసుకున్న ప్లాన్‌ని పెద్ద తెరకి మార్చుకోవాల్సి వచ్చింది, పని మొత్తం ఏడాది లోపే తేల్చారు, క్రిస్మస్ రోజున పబ్లిసిటీ పెద్దగా లేకుండానే వదిలారు. బడ్జెట్ 60 లక్షలు, గ్రాస్ 56 లక్షలు. థియేటర్ లెక్కలో డిజాస్టర్ అది. తర్వాత వీడియో క్యాసెట్ల మీద కోలుకుంది. ఇవాళ బ్యాట్‌మన్ సినిమాల్లో బెస్ట్ ఏది అంటే సగం మంది దాని పేరే చెబుతారు, నేనూ ఆ సగంలోనే. పదేళ్లు దాటాక వార్నర్ మళ్లీ ఈ లైన్ మొదలుపెట్టినప్పుడు థియేటర్ జోలికి పోకుండా చిన్న బడ్జెట్లో కట్టేసి కూర్చుందంటే ఆ దెబ్బ గుర్తుండే ఉంటుందని నా అనుమానం.

ఇన్‌బిట్వీన్:

35 లక్షలకి ఎలా అవుతుందన్న దానికి నేను చెప్తా, టీవీ సిరీస్ అవుట్‌సోర్సింగ్ పని చేశాను హైదరాబాద్‌లో (ఏ కంపెనీ, ఏ క్లయింట్ అని అడక్కండి).

ముందు నిమిషం లెక్క చూడు. 35 లక్షలని 76తో భాగిస్తే నిమిషానికి 46 వేల డాలర్లు. స్పైడర్-వెర్స్ 117 నిమిషాలు, నిమిషానికి 7 లక్షల 70 వేలు. ఈ రెండూ ఒకే రకం వస్తువు కాదు. వార్నర్ వాళ్లవి టీవీ యానిమేషన్ పద్ధతిలో, టీవీ కంటే కొంచెం మెరుగైన డబ్బుతో తీసినవి.

కథ, క్యారెక్టర్ డిజైన్, స్టోరీబోర్డు, వాయిస్, ఎడిటింగ్, మ్యూజిక్ కాలిఫోర్నియాలో. బొమ్మలు గీసి రంగులేసి కదిలించే పని దక్షిణ కొరియాలోనో జపాన్‌లోనో. మోయి యానిమేషన్, ఆన్సర్ స్టూడియో లాంటి పేర్లు ఎండ్ టైటిల్స్‌లో కనపడతాయి, జనం అప్పటికి ఆపేసి ఉంటారు. వాయిస్ ముందే రికార్డు చేస్తారు, బొమ్మ తర్వాత. ఆ వాయిస్‌ని విని ఒకాయన ఎక్స్-షీట్ అని నింపుతాడు. పొడుగాటి కాగితం మీద ఒక్కో గీత ఒక్కో ఫ్రేము, సెకనుకి 24 గీతలు. ఏ గీత దగ్గర పాత్ర నోరు ఏ ఆకారంలో ఉండాలో ఏ, బీ, సీ అని అక్షరాలు రాసి ఉంటాయి. దాన్ని పట్టుకుని అక్కడెక్కడో ఇంగ్లీషు రాని కుర్రాడు కూడా జోకర్ నవ్వుకి నోరు కరెక్టుగా పెట్టేస్తాడు. 24 ఫ్రేములకి 24 బొమ్మలు గీస్తారనుకునేరు, మామూలు సీన్లలో ఒక బొమ్మని రెండు మూడు ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకి 12 లేదా 8. కాగితం మీదే ఖర్చు సగం పడిపోయింది.

డబ్బు కాపాడేది ఎక్కువగా స్టోరీబోర్డు దగ్గరే. బయటికి పంపిన ప్రతి సెకనుకీ బిల్లు పడుతుంది కాబట్టి, బొమ్మలు వరసగా పేర్చి వాయిస్ కలిపి యానిమేటిక్ చేసుకుని, నిడివి అక్కడే కోసేస్తారు. తీసేసి తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుందాం అనే మన సినిమావాళ్ల అలవాటు ఇక్కడ పెట్టుకుంటే దివాలా. ఈ సినిమాల్లో చాలావరకు 75 నిమిషాల దగ్గర ఆగిపోవడానికి కారణం కథ కాదు, బడ్జెట్టే. ఇంకా గమనించండి, మాట్లాడేటప్పుడు పాత్ర వీపు చూపిస్తారు, లేదా ఊరి బొమ్మ మీద కెమెరా మెల్లగా జరుగుతుంటే వెనక డైలాగ్ నడుస్తుంది. అలా మిగిల్చిన డబ్బు మొత్తం రెండు ఫైట్లలో పోస్తారు. బ్యాట్‌మన్ అయితే ఇంకా చవక. ముసుగులో కళ్లు తెల్లగా ఉంటాయి, కనుపాప కదిలించే పని లేదు. భుజాల మీంచి వేలాడే ఆ కేప్ చుట్టుకుని నిలబడితే ఒళ్లు కూడా కదలదు, గడ్డం ఒక్కటి ఆడితే చాలు. అదే కేప్ గాల్లో ఎగరాలంటే మాత్రం ఏడుపే, ప్రతి మడతా గీయాలి.

ఆపైన రీటేకులు. ఎపిసోడ్ క్లయింట్‌కి వెళ్లాక లిస్టు వస్తుంది, షాట్ నంబరు, పక్కన తప్పు ఏంటో: చేతి గ్లోవ్ రంగు తప్పు, నోరు ఒక ఫ్రేము లేటు, పోయిన షాట్‌లో విరిగిన కిటికీ ఈ షాట్‌లో బాగానే ఉంది. తప్పు మాదైతే ఫ్రీగా చేసివ్వాలి, వాళ్లు మనసు మార్చుకుంటే ఎక్స్‌ట్రా బిల్లు. ఏది ఎవరి తప్పు అనే దాని మీద నడిచే ఈమెయిళ్లు చదివితే ఆ సినిమా కంటే సస్పెన్స్ ఎక్కువ. టైము, డబ్బు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే.

వాయిస్ ఖర్చు కూడా అందరూ అనుకున్నంత ఉండదు. బ్యాట్‌మన్ గొంతు కెవిన్ కాన్రాయ్, జోకర్ గొంతు మార్క్ హామిల్ అంటే పెద్ద పేర్లే, కానీ రికార్డింగ్ కొద్ది సెషన్లలో అయిపోతుంది, నెలల తరబడి డేట్లు అక్కర్లేదు.

సెకండ్ షో:

కేప్ సంగతి ఇప్పుడు చెప్పాక ప్రతి సీన్లో అదే కనపడేలా ఉంది 😄 సరే, ఖర్చు అర్థమైంది. రాబడి వైపు ఇంకా మసకగానే ఉంది. డిస్కుల మీద ఎంత మిగులుతుంది? అన్నీ ఒకేలా అమ్ముతాయా? 2009లో వచ్చిన 'వండర్ వుమన్' నాకు వీటన్నిటిలో ఇష్టం, దానికి సీక్వెల్ ఎందుకు రాలేదు?

డిస్కుల బీరువా:

అమెరికాలో ఉంటాను, ఇవి కొని కొని మా ఆవిడతో మాటలు పడుతున్నవాణ్ణి కాబట్టి ఇది నా సబ్జెక్టు.

లెక్క కోసం అనుకుందాం అండీ, ఇవి అసలు అంకెలు కావు. 20 డాలర్ల డిస్కులో షాపు వాటా, ప్రింటింగ్, రవాణా, అమ్ముడుపోక వెనక్కొచ్చిన సరుకు అన్నీ పోను స్టూడియోకి 10 మిగిలాయనుకోండి. సినిమాకి 35 లక్షలు, పబ్లిసిటీకి ఇంకో 15 వేసుకుంటే 5 లక్షల డిస్కులు అమ్మితే గట్టున పడ్డట్టు. డీవీడీలు జోరుగా నడిచిన 2007, 2008 రోజుల్లో బ్యాట్‌మన్ బొమ్మ ఉన్న డిస్కుకి ఇది ఆకాశంలో నక్షత్రం కాదు. పైగా కథ డీసీ కామిక్స్‌ది, డీసీ వార్నర్‌ది, యానిమేషన్ కంపెనీ వార్నర్‌ది, అమ్మే హోం వీడియో విభాగం వార్నర్‌ది. బయటివాడికి హక్కుల కోసం కట్టాల్సింది లేదు.

ఇక వీళ్ల తెలివి డిస్కు లోపల ఉంటుంది. ఎక్స్‌ట్రాలు అని రాస్తారు కదా, తెరిచి చూస్తే వార్నర్ పాత టీవీ సిరీస్‌లలోంచి వాటి నిర్మాత బ్రూస్ టిమ్ ఎంపిక చేసిన ఎపిసోడ్లు, రాబోయే సినిమా గురించి పది నిమిషాల ముందుచూపు. మొదటిది గోడౌన్లో ఉన్న సరుకు, రెండోది యాడ్. రెండూ మనం డబ్బిచ్చి కొన్నదాంట్లోనే. పెద్ద సినిమా పబ్లిసిటీని వాడుకోవడంలోనూ ఆరితేరారు. పెద్ద బ్యాట్‌మన్ సినిమా 'ద డార్క్ నైట్' 2008 జులై 18న వస్తే యానిమేషన్ 'గోథమ్ నైట్' జులై 8న షాపుల్లో ఉంది. 'గ్రీన్ లాంటర్న్' 2011 జూన్ 17న వస్తే 'ఎమరాల్డ్ నైట్స్' జూన్ 7న. పెద్దది కోట్లు పోసి ఊరంతా పోస్టర్లు అంటిస్తుంటే చిన్నది ఆ నీడలో అమ్ముకుంది.

ఒక సినిమాని రెండు చేసి అమ్మడం మరో ఎత్తు. 'డార్క్ నైట్ రిటర్న్స్' మొదటి భాగం 2012 సెప్టెంబర్లో, రెండోది 2013 జనవరిలో, తర్వాత రెండూ కలిపి డీలక్స్ ఎడిషన్. నేను మూడూ కొన్నాను, నవ్వకండి. కథ పెద్దదే, 75 నిమిషాల్లో పట్టదు, అది నిజమే. కానీ ఒకసారి గీసిన డిజైన్లు, బ్యాక్‌గ్రౌండ్లు రెండు సినిమాలకి పనికొస్తాయి, రెండు బిల్లులు నాకు పడతాయి. 'లాంగ్ హాలోవీన్' 2021లో అంతే, 2024 'క్రైసిస్' అయితే మూడు ముక్కలు.

వండర్ వుమన్ దగ్గరికి వస్తే, డిస్కులు అనుకున్నంత వేగంగా కదల్లేదని అప్పట్లో టీమ్ వాళ్లే చెప్పారు. మంచి రివ్యూలు వచ్చినా షాపులో ర్యాక్ దగ్గర నిలబడ్డవాడు బ్యాట్‌మన్ డిస్కు తీసుకున్నాడు. ఆవిడకి మళ్లీ సొంత సినిమా 'బ్లడ్‌లైన్స్', 2019లో, అంటే పదేళ్లకి. ఈ మధ్యలో బ్యాట్‌మన్‌వి ఎన్ని వచ్చాయో బీరువా తెరిస్తే మీదపడతాయి. సూపర్‌గర్ల్ కథకి కూడా 'సూపర్‌మ్యాన్/బ్యాట్‌మన్' అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఫ్యాన్‌గా నాకు ఇది మంట, కానీ ఆ ర్యాక్ ముందు నేనూ అదే చేశాను కాబట్టి ఏం మాట్లాడను.

చిత్తు లెక్క:

ఒక్క మాట. ఆ 35 లక్షలు అనే అంకెని శిలాశాసనంలా పట్టుకోవద్దు. ఈ సినిమాలకి పెద్ద సినిమాల్లా ఎవరూ లెక్కలు బయటపెట్టరు, ఇంటర్వ్యూల్లోనో ట్రేడ్ వార్తల్లోనో దొర్లిన అంకె సైట్లన్నీ తిరుగుతుంది. ఇంట్లో ఒక విభాగం ఇంకో విభాగానికి బిల్లు వేసుకునే చోట ఖర్చు ఎక్కడ రాయాలి, రాబడి ఎక్కడ చూపాలి అనేది వాళ్ల చేతిలో పని. ఆఫీసు అద్దె, లీగల్, పబ్లిసిటీ ఆ అంకెలో ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టే సగం కథ మారిపోతుంది. పైగా మొదటి ఏడాది డిస్కు అమ్మకాలతో ఖాతా మూసేయరు, టీవీకి, స్ట్రీమింగ్‌కి ఏళ్ల తరబడి అమ్ముతూనే ఉంటారు. ఇలా నేరుగా వీడియోలో వదిలే సినిమాల కోసం పెట్టిన వార్నర్ ప్రీమియర్ విభాగాన్ని 2012లో, డీవీడీలు పడిపోతున్నప్పుడు, మూసేశారు. సినిమాలు మాత్రం ఆగలేదు. బోర్డు మార్చి హోం ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లే కొనసాగించారు. నష్టం వచ్చే సరుకైతే ఆ విభాగంతోపాటే పోయేది.

అటు మార్వెల్ చూడండి. లయన్స్‌గేట్‌తో ఒప్పందం చేసుకుని 2006లో 'అల్టిమేట్ అవెంజర్స్'తో మొదలుపెట్టి 2011 'థోర్: టేల్స్ ఆఫ్ అస్గార్డ్' దాకా తీశారు, ఆ వరస అక్కడితో ముగిసింది. వాళ్ల దగ్గర పేర్లకి కొరత ఉండి కాదు. అప్పటికి మార్వెల్‌ని డిస్నీ కొనేసింది, బయట కంపెనీతో డిస్కులు పంచుకునే ఆ ఏర్పాటుకి ఆ ఇంట్లో ఇక చోటు లేకపోయి ఉండొచ్చు.

ఇన్‌బిట్వీన్:

హైదరాబాద్ ప్రశ్న మిగిలిపోయింది. పని చేతకాక కాదు. మార్వెల్ వాళ్ల 'ఐరన్ మ్యాన్: ఆర్మర్డ్ అడ్వెంచర్స్' టీవీ సిరీస్‌లో హైదరాబాద్ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ సహనిర్మాత. గ్రీన్ గోల్డ్ ఛోటా భీమ్‌తో దేశమంతా తిరిగింది, 2012లో థియేటర్ సినిమా కూడా వదిలింది. మన దగ్గర లేనిది కొనేవాడు. మనకి యానిమేషన్ అంటే టీవీ చానల్ వాడు పిల్లల కోసం కొనేది, లేదా ఫారిన్ క్లయింట్ నిమిషానికి ఇంత అని ఇచ్చేది. తనకోసం 20 డాలర్లు పెట్టి కార్టూన్ డిస్కు కొని బీరువాలో పెట్టుకునే ముప్పై ఏళ్లవాడు అమెరికాలో లక్షల్లో ఉన్నాడు, ఇక్కడ లేడు, మన వీడియో మార్కెట్ పైరసీ సీడీల దగ్గరే చచ్చిపోయింది.

ఇప్పుడు ఆ జాగాలో ఓటీటీ ఉంది. 2024లో హాట్‌స్టార్‌లో 'బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్' వచ్చింది చూడండి, అది సినిమా కాదు, సిరీస్. జనానికి ముందే తెలిసిన పేరు, ముందే డిజైన్ అయి ఉన్న ప్రపంచం. కొత్త హీరోని పుట్టించి 76 నిమిషాలు తీస్తానని పోతే ఇక్కడ ఏ ఓటీటీ వాడైనా అడిగే మొదటి ప్రశ్న, ఈ క్యారెక్టర్ ఎవరికి తెలుసు అని. అక్కడ వండర్ వుమన్‌కే పదేళ్లు పట్టింది మరి.