మిన్నెసోటా చలిలో తీగ గులాబీ: న్యూ డాన్ పెట్టాలా, విలియం బాఫిన్ పెట్టాలా?

పద్మ_సెయింట్‌పాల్: పందిరికి తీగ గులాబీ ఎక్కించాలని ఉంది. నర్సరీలో న్యూ డాన్ చూశాను, లేత రంగు, మంచి వాసన. మాది జోన్ 4 (చలిని బట్టి చేసిన ప్రాంతాల లెక్క, అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ). బతుకుతుందా?

శ్రీను_ఒట్టావా: వద్దండీ, అది జోన్ 5 మొక్క. మీ దగ్గర చలి మైనస్ 30 ఫారెన్‌హీట్ దాకా దిగుతుంది. వేరు బతికినా కొమ్మలు నేల దాకా చచ్చిపోతాయి. దానికి పూలు ఎక్కువగా పాత కొమ్మల మీదే వస్తాయి కాబట్టి జూన్‌లో ఆకులే చూస్తారు. విలియం బాఫిన్ పెట్టండి. కెనడా వ్యవసాయ శాఖ వాళ్ళు చలికి తట్టుకునేలా తయారు చేసిన ఎక్స్‌ప్లోరర్ వరుస గులాబీల్లో ఒకటి, 1983లో వచ్చింది. జోన్ 3లో కూడా ఏమీ కప్పక్కర్లేదు.

కామేశ్వరి_మినియాపోలిస్: న్యూ డాన్ మా ఇంట్లో ఏటా పూస్తోంది. అక్టోబరులో కొమ్మలు కట్టేసి, ఒక పక్క వేళ్ళు వదులు చేసి, మొక్కను గోతిలోకి పడుకోబెట్టి మట్టి, ఆకులు కప్పుతాను. ఏప్రిల్‌లో లేపుతాను. ఇలా పడుకోబెట్టడాన్నే మిన్నెసోటా టిప్ అంటారు.

లత_ఫార్గో: కుండీలో మల్లె పెట్టుకోండి, చలికాలం లోపలికి తెచ్చుకోవచ్చు.

శ్రీను_ఒట్టావా: పన్నెండడుగుల ముళ్ళ కొమ్మల్ని పందిరి నుంచి విప్పి పాతిపెట్టాలా? నేను కొన్న అంటు గులాబీకి పైమొక్క చచ్చి, అడుగున వేరుమొక్క లేచి తెల్లపూలు పూసింది. డబ్బు వెనక్కి అడిగితే నర్సరీవాళ్ళు పైసా ఇవ్వలేదు.

కామేశ్వరి_మినియాపోలిస్: అంటు కట్టిన చోటు 4 నుంచి 6 అంగుళాలు మట్టిలో ఉండాలి. పైకి పెట్టి ఉంటారు. దానికీ న్యూ డాన్‌కీ ఏం సంబంధం?

శ్రీను_ఒట్టావా: ఎవరు ఏ గులాబీ అడిగినా గోతులు తవ్వమనే చెప్తారు మీరు!

కామేశ్వరి_మినియాపోలిస్: మీకు మొక్క చావకపోతే చాలు. బాఫిన్‌కు వాసన దాదాపు లేదు. దేవుడికి పెట్టే పువ్వులో నాకు వాసన కావాలి, దానికోసం తవ్వుతాను.

శ్రీను_ఒట్టావా: నాకు నడుం ఆపరేషన్ అయింది కామేశ్వరి గారూ. తవ్వలేనివాళ్ళు తోట మానుకోవాలా? ఒక్కసారైనా అడిగారా, పద్మగారికి సాయం చేసేవాళ్ళు ఉన్నారో లేదో?

పద్మ_సెయింట్‌పాల్: ఎవరూ లేరండీ. మావారు నెలలో సగం రోజులు ఊళ్ళోనే ఉండరు. కానీ వాసన కూడా వదులుకోలేను.

శ్రీను_ఒట్టావా: అయితే పందిరికి బాఫిన్, పక్కన తెరేస్ బ్యూన్యే అనే పొద గులాబీ పెట్టండి. అదీ కెనడాదే, మంచి వాసన, జోన్ 3.

కామేశ్వరి_మినియాపోలిస్: పొద మంచిదే. ఆవిడ అడిగింది మాత్రం పందిరి మీద వాసన. పద్మగారూ, మాది మీకు దగ్గరే. అక్టోబరులో ఒక శనివారం నేనొచ్చి తవ్వుతాను, న్యూ డాన్ కొనుక్కోండి.

శ్రీను_ఒట్టావా: మరి మీరు రాలేని ఏడాది?