వీసెంటర్ బ్యాకప్‌కి స్నాప్‌షాట్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మా వీసెంటర్ అప్లయన్స్‌కి (వీఎంవేర్ హోస్టులనీ వర్చువల్ మెషీన్లనీ ఒకేచోట నుంచి నిర్వహించే సర్వర్) ఇప్పటిదాకా స్నాప్‌షాట్లే (ఆ క్షణంలో మెషీన్ ఉన్న స్థితిని గుర్తుపెట్టేవి) తీస్తున్నాం. వీసెంటర్ పడిపోతే నడుస్తున్న వీఎంలు (వర్చువల్ మెషీన్లు) కూడా ఆగిపోతాయా? మళ్లీ నిలబెట్టాలంటే చేతిలో ఏమేం ఉండాలి? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: వీఎంలు ఆగవండీ, అవి ఈఎస్ఎక్స్ఐ హోస్టుల (వీఎంలను నడిపే అసలు సర్వర్లు) మీద నడుస్తూనే ఉంటాయి, హెచ్ఏ (ఒక హోస్టు పడిపోతే దాని వీఎంలను వేరే హోస్టు మీద మళ్లీ లేపేది) కూడా పనిచేస్తుంది, వీమోషన్ (నడుస్తున్న వీఎంని వేరే హోస్టుకి మార్చడం), డీఆర్ఎస్ (హోస్టుల మధ్య లోడ్‌ని దానంతటదే సర్దడం) మాత్రం ఉండవు. కానీ స్నాప్‌షాట్‌ని దయచేసి బ్యాకప్ అనుకోకండి, ఒరిజినల్ డిస్క్ పోతే దానితో పాటే అదీ పోతుంది. బ్రౌజర్‌లో వీసెంటర్ అడ్రస్‌కి 5480 పోర్టులో మేనేజ్‌మెంట్ పేజీ తెరిచి, రోజూ బ్యాకప్ షెడ్యూల్ చేసి బయటి ఎస్ఎఫ్‌టీపీ సర్వర్‌కో ఎన్ఎఫ్ఎస్ షేర్‌కో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే చోట్లు) పంపించండి. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెడితే జాగ్రత్తగా దాచుకోండి, అది లేకుండా రీస్టోర్ అవ్వదు.

జవాబు 2: ఇంకోటి, రీస్టోర్ పాత అప్లయన్స్ మీద జరగదు. బ్యాకప్ తీసిన వెర్షన్, బిల్డ్ ఏదో సరిగ్గా ఆ ఐఎస్ఓతోనే (ఇన్‌స్టాలర్ ఫైల్) మొదట కొత్త అప్లయన్స్ డిప్లాయ్ అవుతుంది, డేటా రెండో దశలో వస్తుంది. అందుకే ఆ ఐఎస్ఓ కూడా బ్యాకప్ పక్కనే ఉండాలి. పాతది ఆఫ్ చేశాకే మొదలుపెట్టండి.

జవాబు 3: డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ (హోస్టులన్నిటికీ కలిపి వీసెంటర్ నిర్వహించే వర్చువల్ నెట్‌వర్క్ స్విచ్) వాడుతుంటే ఎఫెమెరల్ పోర్ట్ గ్రూప్ (వీసెంటర్ లేకపోయినా హోస్టు నుంచే వీఎంని కలపగలిగే రకం పోర్ట్ గ్రూప్) ఒకటి ముందే చేసి పెట్టుకోండి. వీసెంటర్ లేనప్పుడు కొత్త అప్లయన్స్‌ని మామూలు పోర్ట్ గ్రూప్‌కి కలపలేరు, చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

ప్రశ్న అడిగినవారు: ఎఫెమెరల్ సంగతి అసలు తెలియదు, ఈరోజే చేస్తాను. థ్యాంక్సండీ.