పొగ పొర కమ్మితే గ్రహం చల్లబడుతుందా, ఉడుకుతుందా?

బల్లార్షా_రాజు:
శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్‌ మీద పొగ పొర ఎండను ఆపి నేలను చల్లగ ఉంచుతదంట. మా చంద్రపూర్ల పొగకు కొదువ లేదు, ఎండాకాలం 47 దాటిన రోజులున్నయ్. గీడెందుకు చల్లబడదు? అసలు అసొంటి గ్రహం మీద బతుకొచ్చా?

పర్లాకిమిడి_మాస్టారు:
రిటైరయ్యేదాకా ఫిజిక్సే చెప్పాను బాబూ, విను. టైటాన్‌లో మీథేన్, నైట్రోజన్ అతినీలలోహిత కిరణాలకు విరిగి థోలిన్లనే నారింజ రంగు పొగ రేణువులవుతాయి. అవి ఎండను పైనే మింగేసి, నేల వదిలే పరారుణ వేడిని పోనిస్తాయి. దాంతో 9 డిగ్రీలు తగ్గుతుంది. గ్రీన్‌హౌస్ వాయువులు 21 పెంచుతాయి. నేల మైనస్ 179 దగ్గరుంటుంది. మీ 47కి కారణం పొగ కాదు, సముద్రం దూరం, ఎండిన నేల.

సిరోంచ_చిన్నోడు:
పొగకు సంబంధమే లేదంటే ఎట్ల మాస్టారూ? నల్లమసి ఎండను మింగి చుట్టూ గాలిని వేడి చేస్తది. సల్ఫేటు పొర తిప్పికొడ్తది. 1991ల పినటుబో అగ్నిపర్వతం సల్ఫర్ కక్కి పేలినంక భూమి సగటున అర డిగ్రీ చల్లబడ్డది గద.

బల్లార్షా_రాజు:
అంటే చిమ్నీలు మంచియేనా? ఆరేసిన బట్టల మీద బూడిద దులుపుకునేటోళ్లను అడుగు!

జయపురం_శారద:
మా కొరాపుట్‌లో చలికాలం పొద్దున్న ఎదురొచ్చే బస్సే కనపడదు. చల్లబరుస్తుందనడానికి అంతకన్నా ఏం కావాలి?

పర్లాకిమిడి_మాస్టారు:
అది పొగ కాదమ్మా, నీటి బిందువులు. చలి వల్ల మంచొచ్చింది, మంచు వల్ల చలి కాదు. చెప్తే వినరేటి?

సిరోంచ_చిన్నోడు:
మేం మీ క్లాసుల లేం మాస్టారూ.

దెగ్లూర్_సుధ:
బతుకు సంగతి అడిగితే బూడిద దగ్గరే కొట్టుకుంటున్నరు. ఆక్సిజన్ పెరగకముందు భూమిని కూడా మీథేన్ పొగ అప్పుడప్పుడు కమ్మిందని అంచనా. ఓజోన్ లేని రోజుల్లో పల్చటి పొర అతినీలలోహిత కిరణాలకు గొడుగే, చిక్కబడితే మాత్రం చలి. ఇక వేరే నక్షత్రాల గ్రహాలంటరా, జీజే 1214 బి అనే గ్రహం వర్ణపటం హబుల్ టెలిస్కోప్‌కు చదునుగా కనపడిందని 2014లో తేల్చారు. ఎత్తున ఉన్న పొర కింద ఏ వాయువులున్నాయో చెప్పనియ్యలే.

బల్లార్షా_రాజు:
మరి శుక్రుడు? మేఘాలు ముప్పాతిక ఎండను తిప్పికొట్టినా 460 డిగ్రీలెందుకు?

జయపురం_శారద:
ఎవరైనా టెలిస్కోప్ కొన్నారా? దేవమాలి కొండ మీంచి టైటాన్ కనపడుతుందా?

సిరోంచ_చిన్నోడు:
చిన్న దాంట్ల గూడ చుక్కలెక్క కనపడతది అక్కా, నారింజ రంగు మీద ఆశ పెట్టుకోకు. ప్రాణహిత ఒడ్డుకు రా, లైట్లు తక్కువ.

బల్లార్షా_రాజు:
ప్రశ్న నాది, పిక్నిక్ మీదా?

పర్లాకిమిడి_మాస్టారు:
శుక్రుడిది కార్బన్ డయాక్సైడ్ బాబూ, మన గాలికి 90 రెట్ల ఒత్తిడి. అంత మందం కింద మేఘాల చలవ ఏపాటి? శారదమ్మా, ఆ టెలిస్కోప్ అద్దం ఎన్ని అంగుళాలో చూసి కొను.