పాత కార్టూన్లు మళ్ళీ తీస్తున్నారు సరే, ఎవరి కోసం?

భీమవరం బుల్లోడు:
పోయిన వారం వేరే చర్చలో పాలకొల్లు అన్నయ్యగారు “ఆగిపోయిన కార్టూన్‌ని మళ్ళీ లేపి తీస్తే చెడగొట్టడమే తప్ప బాగుపడింది ఒక్కటీ లేదు” అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు, అందుకే విడిగా పెడుతున్నాను. ఒక రాక్షసుడు భవిష్యత్తులోకి విసిరేసిన యోధుడి కథ సమురాయ్ జాక్, 2001లో మొదలై 2004లో కథ తేలకుండానే ఆగిపోయింది. జాక్ తన కాలానికి తిరిగి వెళ్ళాడో లేదో తెలియకుండానే మేమంతా పెద్దవాళ్ళమయ్యాం. 2017లో మొదట తీసిన గెండీ టార్టకోవ్‌స్కీయే వచ్చి 10 భాగాల్లో ముగించాడు. గడ్డం పెరిగి, కత్తి పోగొట్టుకుని, లోపల కుమిలిపోయే జాక్‌ని చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. ఇంకా కావాలా? ఫ్యామిలీ గై 2002లో ఆపేస్తే డీవీడీలు తెగ అమ్ముడుపోయి 2005లో తిరిగొచ్చింది. ఫ్యూచరామాని 2003లో ఫాక్స్ ఛానల్ వదిలేస్తే 2010లో ఒకసారి, 2023లో ఇంకోసారి వేరేవాళ్ళు ఎత్తుకున్నారు. ఎక్స్-మెన్ 1997లో ఎక్కడ ఆగిందో 2024లో అక్కడి నుంచే మొదలెట్టారు. జనం అడగకపోతే అంత డబ్బు ఎవరు పెడతారండి?

పాలకొల్లు నెట్ సెంటర్:
బుల్లోడు బాబూ, నువ్వు చెప్పిన వాటిలో సగం పెద్దవాళ్ళు చూసేవి. నేను మాట్లాడింది చిన్నపిల్లల షోల గురించి. 2005లో వచ్చిన బెన్ 10 ఒక్కో భాగం 22 నిమిషాలు. కథ ఉండేది, కాస్త భయం ఉండేది, వ్యానులో తాతయ్యతో తిరిగే వేసవి సెలవులు ఉండేవి. అదే బెన్ 10ని 2016లో మళ్ళీ తీసి 11 నిమిషాలకు కుదించి నిమిషానికో జోకు పెట్టారు. పవర్‌పఫ్ గర్ల్స్‌కి అదే 2016లో, పాత గొంతులు ఇచ్చిన ముగ్గురినీ పక్కనపెట్టి కొత్తవాళ్ళని తెచ్చారు. టీన్ టైటన్స్ 2003లో ఎలా ఉండేది, 2013లో ‘గో’ అని తగిలించాక ఎలా తయారైంది?
నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, నేను నెట్ సెంటర్ నడిపినవాణ్ణి. శనివారం బడి ఒంటిపూటే కాబట్టి మధ్యాహ్నానికల్లా గుమ్మం బయట చెప్పులు, లోపల పిల్లలు. గంట డబ్బులు నలుగురైదుగురు కలిసి వేసుకునేవారు. కార్టూన్ నెట్‌వర్క్ సైటులో బెన్ 10 గేము తెరిచి, ఒకడు కీబోర్డు మీద ఉంటే మిగతావాళ్ళు కుర్చీ వెనక నిలబడి, బెన్ మారే నిప్పు రూపం పేరు పెట్టి “హీట్‌బ్లాస్ట్ అవ్వరా, హీట్‌బ్లాస్ట్” అని అరిచేవారు. స్పేస్ బార్ అక్షరాలా అరిగిపోయేది. అవన్నీ బ్రౌజర్‌లో ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే గేములు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ఆపేశారు, ఆ గేములూ పోయాయి. మళ్ళీ తీసేవాళ్ళు వాటిని ఎందుకు లేపలేదు?

కాకినాడ కాజా:
సెంటర్ మూసింది ఫ్లాష్ వల్ల కాదు, జియో వల్ల.

పాలకొల్లు నెట్ సెంటర్:
సెంటర్ గురించి నేను అడగలేదు. గేముల గురించి అడిగాను.

అమలాపురం అక్క:
నన్నడిగితే అసలు గొడవంతా హాస్యం దగ్గర ఉంది. మా వాడు షించాన్ చూసి ఒకరోజు నన్ను పేరు పెట్టి పిలిచాడు, అదీ మా అత్తగారి ముందు. ఆ షోలో పిల్లాడు వాళ్ళమ్మని “మిసాయే” అంటాడు కదా, అది పట్టుకున్నాడు. 2008లో ఇక్కడ ఆ షో ఆపించారు, తర్వాత కత్తిరింపులతో మళ్ళీ వదిలారు. మళ్ళీ తేవడం అంత అవసరమా అని అప్పుడే అనుకున్నాను.

కాకినాడ కాజా:
అక్కా, షించాన్ రివైవల్ కాదండి. జపాన్‌లో 1992 నుంచి వస్తూనే ఉంది. ఇది ఈ చర్చలోకి రాదు.

అమలాపురం అక్క:
మా ఇంట్లో ఆగి మళ్ళీ వచ్చింది. నాకు అది చాలు.

కాకినాడ కాజా:
ఇక్కడ ప్రసారం ఆపడం వేరు, షో తీయడం ఆపడం వేరు. రివైవల్ అంటే తీయడం ఆపి మళ్ళీ తీయడం.

భీమవరం బుల్లోడు:
అక్కా, షించాన్ బొమ్మల కథగా మొదలైందే పెద్దవాళ్ళు చదివే పత్రికలో. ఇల్లాలి విసుగు, ఇంటి అప్పు, ఆఫీసులో నాన్న అవస్థ, ఆ నవ్వంతా పెద్దవాళ్ళ సంసారం మీదే. మీకు ఆ కత్తిరించిన షో మీద కోపం ఉండొచ్చు, కానీ 2022లో ఇంగ్లీషులో వచ్చిన షించాన్ గేము ఒకసారి చూడండి. పిల్లాడు వేసవి సెలవులకి క్యూషూ దీవిలో ఒక పల్లెటూరికి వెళతాడు. ఏట్లో గాలం వేస్తాడు, పురుగులు పట్టుకుంటాడు, రోజూ బొమ్మల డైరీ రాస్తాడు. హైదరాబాదులో మా ఫ్లాట్‌లో మా బాబు అది ఆడుతుంటే పక్కన కూర్చుని మా ఊరి కాలువ గట్టు గురించి చెప్పాను. వాడికి గోదావరి జిల్లా మొదటిసారి అర్థమైంది నాకు తెలిసి. డోరేమాన్ వ్యవసాయం గేము కూడా ఉంది, 2019లో వచ్చింది, నేల తవ్వి విత్తనం వేసి నీళ్ళు పోసి పంట అమ్ముకోవాలి. అన్నయ్య అన్నట్టు అన్నీ చెడగొట్టడమే అయితే ఇవేంటి?

కాకినాడ కాజా:
డోరేమాన్ 2005లో కొత్తగా మొదలెట్టారు, గొంతులన్నీ మార్చేశారు. అది లెక్కలోకి వస్తుంది. షించాన్ రాదు.

తణుకు రైతుబిడ్డ:
డోరేమాన్ గేము నేనూ ఆడాను. బాగుంది. కాకపోతే రోజూ చెంబుతో నీళ్ళు పోయడమే. ధవళేశ్వరం నుంచి నీరు వదిలారా, మా శివారు పొలం దాకా వచ్చిందా అన్న టెన్షన్ అందులో లేదు.

పాలకొల్లు నెట్ సెంటర్:
బుల్లోడు, ఒక్కటి అడుగుతాను. ఆ గేము ఏ పెట్టె మీద ఆడించావు?

భీమవరం బుల్లోడు:
నింటెండో స్విచ్. కంప్యూటర్‌కి కూడా ఉంది. ఎందుకు?

పాలకొల్లు నెట్ సెంటర్:
పెట్టెకి వేలు, గేముకి వేలు. తెలుగు లేదు. జాక్ చివరి భాగాలు ఏ భాషలో చూశావు? ఇంగ్లీషులోనే కదా.

భీమవరం బుల్లోడు:
అన్నయ్యా, ఇప్పుడు తెలిసింది. మీ కోపం కార్టూన్ మీద కాదు. మేం ఊరొదిలి వెళ్ళి నాలుగు రాళ్ళు సంపాదించి మా పిల్లలకి కొనిపెట్టుకుంటే అది మీకు కిట్టట్లేదు. 22 నిమిషాలు, 11 నిమిషాలు అని లెక్కలు చెప్పడం ఎందుకు, ఉన్నమాట అనేయండి. మా పాపకి టీన్ టైటన్స్ గో అంటే ప్రాణం, కడుపు పట్టుకుని నవ్వుతుంది. 2003లో గొంతు ఇచ్చినవాళ్ళే అందులోనూ ఇచ్చారు. దానికి మీ అనుమతి కావాలా?

రాజోలు లంక:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

పాలకొల్లు నెట్ సెంటర్:
నెమ్మదిగానే చెబుతాను. అవును, ఉన్నమాటే అంటాను. నువ్వు సంపాదించుకున్నందుకు నాకు సంతోషమే, నా సెంటర్‌లో కూర్చున్న పిల్లల్లో నీలాంటివాళ్ళు బోలెడుమంది. కానీ అప్పుడు మా వీధికి కేబుల్ ఒక్కటే. డాక్టరుగారి అబ్బాయి, కొబ్బరి దింపే ఆయన కొడుకు ఒకే సాయంత్రం ఒకే బెన్ 10ని తెలుగులో చూసి, మర్నాడు బడిలో ఒకే మాట మాట్లాడుకునేవారు. గేము కూడా ఇద్దరూ నా దగ్గర ఒకే కంప్యూటర్ మీద ఆడారు. ఇప్పుడు తిరిగొచ్చిన షో ఒక్కోటి ఒక్కో యాప్‌లో ఉంది, నెలకింత కట్టాలి. గేము ఇంకో పెట్టెలో ఉంది. కొబ్బరి దింపే ఆయన మనవడికి ఫోనులో పది సెకన్ల ముక్కలు తప్ప ఏమీ రావట్లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో చేతులతో చేపలు పట్టే పిల్లాడు వాడు. ఆ షించాన్ గేము పెడితే నీ కొడుకు కంటే వాడికే ముందు అర్థమవుతుంది. వాడికి అది ఉందనే తెలియదు.

అమలాపురం అక్క:
ఇది నిజమే అన్నయ్యగారూ. మా అబ్బాయి బళ్ళో కూడా షో పేర్లని బట్టి గుంపులు కట్టుకున్నారు పిల్లలు. ఏ యాప్ ఉన్నవాళ్ళు ఆ గుంపు.

భీమవరం బుల్లోడు:
అది కంపెనీల లెక్క, షో తప్పెలా అవుతుంది? తెలుగులో ఇస్తే చూసేవాళ్ళున్నారని వాళ్ళకి తెలియాలి, అంతవరకూ తీయొద్దంటే ఎలా? జాక్ కథ ఆగిపోయిన చోటే ఉండిపోతే ఎవరికి లాభం? హైదరాబాదులోనే గ్రీన్ గోల్డ్ వాళ్ళు 2008 నుంచి ఛోటా భీమ్ తీస్తున్నారు. అది టీవీలోనే వస్తుంది, పల్లెలో పిల్లలూ చూస్తున్నారు. అందరికీ అందేది అసలు లేదనకండి.

పాలకొల్లు నెట్ సెంటర్:
లేదనలేదు. ఛోటా భీమ్ అందుతోంది కాబట్టే చెబుతున్నాను, అందించడం చేతకాక కాదు. నువ్వు జాక్ ముగింపు చూశావు, మంచిది. 2004లో నీతోపాటు నా షాపులో ఆ షో గురించి కొట్టుకున్న మిగతా పిల్లలు ఇక్కడే ఆక్వా చెరువుల మీద పనిచేస్తున్నారు. ఒకడు మొన్న జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. జాక్ ఇంటికి వెళ్ళాడా అని అడిగాడు.

భీమవరం బుల్లోడు:
ఎవరు అన్నయ్యా అతను? నంబరు నాకు విడిగా పంపండి. మిగతా విషయం మీద నేనింకా ఒప్పుకోలేదు.

కాకినాడ కాజా:
షించాన్ సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.