‘నువ్వు క్యాజువల్ కదా’ అనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది, చర్చిద్దాం

డస్ట్‌టూ దిల్‌సుఖ్‌నగర్ (చర్చ మొదలుపెట్టింది)

అందరికీ నమస్తే. కొన్ని రోజుల నుంచి మనసులో నలుగుతోంది, ఇవాళ రాసేస్తున్నా. మాకో బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్, పబ్‌జీకి మన దేశం వెర్షన్) గ్రూప్ ఉంది, పాత కాలేజీ వాళ్ళు, ఆఫీసు వాళ్ళు, వాళ్ళ తమ్ముళ్ళు అందరం కలిపి నలభై మంది దాకా ఉంటాం. పోయిన నెల దాన్ని రెండు చేశారు. రోజుకి మూడు గంటలు ఆడేవాళ్ళంతా హార్డ్‌కోర్ గ్రూప్, మిగతా వాళ్ళు క్యాజువల్ గ్రూప్. నన్ను క్యాజువల్‌లో వేశారు. ఎందుకని అడిగితే “అన్నా నువ్వు వారానికి రెండు రోజులే కదా వస్తావు” అన్నారు.

నేను 2004లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదివేవాణ్ణి. కాలేజీ వెనక సందులో మెట్లెక్కితే ఒక నెట్ కేఫ్, ఎనిమిది సిస్టమ్‌లు, అన్నిట్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే షూటింగ్ గేమ్. గంటకి పదిహేను రూపాయలు. టిఫిన్ డబ్బులు దాచుకుని వెళ్ళేవాళ్ళం. కూర్చోగానే మొదటి పని మౌస్ తిరగేసి, కింద మూత తిప్పి బంతి బయటికి తీసి, లోపల రోలర్ల మీద నల్లగా పేరుకున్న మురికి బొటనవేలి గోటితో గీకడం, లేకపోతే గురి పెట్టినప్పుడు పాయింటర్ ఒక పక్కకి ఈడ్చుకుపోయేది. గంటలో ఐదు నిమిషాలు దానికే పోయినా బాధ ఉండేది కాదు. చివరి సిస్టమ్ వాడు “ఏ లాంగ్‌లో ఇద్దరు” (మ్యాప్‌లో ఒక పొడవాటి దారి పేరు) అని అరిస్తే హెడ్‌ఫోన్స్‌లోంచి కాదు, గాల్లోంచి వినపడేది.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు, గచ్చిబౌలిలో ఆఫీసు, రోజుకి రెండు గంటలు ట్రాఫిక్. మంగళవారం, శనివారం పిల్లలు పడుకున్నాక రెండు మ్యాచ్‌లు ఆడతా, ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్, రెండో చెవి పాప లేస్తుందేమో అని ఖాళీగా ఉంచుకుంటా. ఆ రెండు మ్యాచ్‌ల కోసం వారమంతా ఎదురుచూస్తా. నేను క్యాజువలా? ఆ మాట నా ఆటని కొలవడం లేదు, నాకున్న ఖాళీ టైముని కొలుస్తోంది. ఖాళీ టైము ఎక్కువున్నవాడు ఆటని ఎక్కువ ప్రేమించినట్టు, లేనివాడు ఏదో కాలక్షేపానికి వచ్చినట్టు మాట్లాడుతున్నాం, అది తప్పు అంటున్నా. మీరేమంటారో చెప్పండి.

ఉప్పల్ ఐజీఎల్

అన్నా, ఆ గ్రూపు రెండు చేసింది నేనే. దాచుకునేది ఏం లేదు గనక ఈడనే చెప్తున్న. నీ మీద గౌరవం లేక చేసిన పని కాదు.

ఏమైతుందో చూడు. ర్యాంక్ పుష్ చేస్తున్నం, అంటే పై మెట్టుకి ఎక్కుతున్నం, క్రౌన్ మెట్టు దాటి ఏస్‌ల ఉన్నం, నలుగురం మ్యాప్‌ల పోచింకి అనే ఊరి కాడ తుపాకులు, సామాన్లు లూట్ చేస్కొని ఇరవై నిమిషాలు ఒక్క తప్పు చేయకుండ ఆఖరి జోన్‌కి, అంటే మ్యాచ్ చివర మిగిలే చిన్న చోటుకి వచ్చినం. గప్పుడు ఒకాయన “ఒక్క నిమిషం, డోర్ బెల్” అని ఫోన్ కింద పెట్టి పోయిండు. ఆయన క్యారెక్టర్ చెట్టు పక్కన నిలబడే ఉంది, శత్రువు వచ్చి ఆయన్ని పడగొట్టిండు, రివైవ్ చేసి లేపుదామని పోయిన నేను పడ్డ, పాయింట్లు మైనస్. ఒక్కసారి కాదు, ఒక్క నెలల మూడుసార్లు అయింది. గది తప్పని నేను ఆయనతోని ఎట్ల అంటా? ఇంట్లోళ్ళు పిలిస్తే పోవాల్సిందే. గందుకే వేరే గ్రూపు పెట్టిన.

ఇంకో మాట. కాంకరర్ అంటే సర్వర్ మొత్తంల మొదటి 500 మంది. ఆడికి ఒక్కసారి పోతే సరిపోదు, ఆడ నిలబడాలంటే దినాం ఆడాలె, పండుగకి ఊరికి పోయినా ఆడాలె. మేం నిద్ర మానుకుని చేస్తున్న పనికి ఒక పేరు ఉంటే తప్పేంది? హార్డ్‌కోర్ అన్నది మేం పడ్డ కష్టానికి పేరు. క్యాజువల్ అన్నది తిట్టు కాదు. నువ్వు దాన్ని తిట్టులెక్క తీస్కుంటున్నవ్.

కొండాపూర్ డ్యూయలిస్ట్

తిట్టు కాదు అంటున్నారు కానీ తమ్ముడూ, ఆ మాట ఎవరి మీద ముందు పడుతుందో చూడు. నేను ఐదుగురి టీమ్ షూటర్ ఒకటి నాలుగేళ్ళ నుంచి ఆడుతున్నా, డైమండ్‌లో ఉన్నా. మైక్ ఆన్ చేసి “హాయ్” అంటే చాలు, ఆడ గొంతు వినగానే మొదటి ప్రశ్న “ఇది మీ అన్నయ్య ఐడీనా?” రెండో మాట “మీరు హీలర్ తీసుకోండి”, అంటే మిగతావాళ్ళకి ప్రాణం పోసే పాత్ర. ఇంకా ఒక్క బుల్లెట్ పేలలేదు, నా స్కోరు ఎవరూ చూడలేదు, అప్పటికే నేను క్యాజువల్ అయిపోయా. నేను అందరికంటే ముందు శత్రువు మీదకెళ్ళి ఎంట్రీ తీసుకునే ఆట ఆడతా, అదే నాకు వచ్చు, అదే నాకిష్టం. చాలాసార్లు మైక్ ఆఫ్ చేసి ఆడతా, అప్పుడు అదే మనుషులు “నైస్ షాట్ బ్రో” అని టైప్ చేస్తారు.

నువ్వు గంటలు లెక్కపెట్టి విడగొట్టావు, అది కొంతవరకు నయం. కానీ ఒకసారి ముద్ర అంటూ ఉన్నాక, జనం గంటలు చూడరు, మనిషిని చూసి అంటించేస్తారు. మగపిల్లాడైతే ఓడిపోయేదాకా ఆగుతారు, మాకు ఆ టైము కూడా ఇవ్వరు.

మాదాపూర్ గేమ్‌డెవ్

నేను మొబైల్ గేమ్స్ తయారుచేసే చోట డిజైనర్‌ని. మా ఆఫీసులో ఈ మాటలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడతాం, హైపర్ క్యాజువల్, క్యాజువల్, మిడ్‌కోర్, హార్డ్‌కోర్. కానీ మేము మనిషి గురించి అనం, గేమ్ గురించి అంటాం. ఒకసారి కూర్చుంటే ఎన్ని నిమిషాలు ఆడతారు, నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది, మధ్యలో ఆపేసి జేబులో పెట్టుకుంటే నష్టం ఉంటుందా, డబ్బులు యాడ్స్ మీద వస్తాయా లోపల కొనడం మీద వస్తాయా, ఇవీ లెక్కలు. ఈ లెక్కల కోసం పెట్టుకున్న మాట మనిషి మీదకి ఎక్కేసరికి అర్థం చెడిపోయింది.

ఎందుకు చెడిపోయిందంటే గేమ్ తేలిగ్గా మొదలవడం వేరు, గేమ్ తేలిక కావడం వేరు. 2013లో వచ్చిన ఫ్లాపీ బర్డ్ గుర్తుందా, ఒక వేలితో ఆడే ఆట, రూల్ చెప్పడానికి ఐదు సెకన్లు చాలు, కానీ పది పైపులు దాటడానికి మా హాస్టల్‌లో రాత్రిళ్ళు కూర్చున్నాం. టెట్రిస్ 1984లో పుట్టింది, ఇంట్లో ఎవరైనా ఆడతారు, అదే టెట్రిస్ నింటెండో వెర్షన్‌ని ఇంక ముందుకు కదలలేక గేమే ఆగిపోయే చోటిదాకా మొదటిసారి తీసుకెళ్ళింది 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఒక 13 ఏళ్ళ పిల్లాడు, 157వ లెవెల్ దగ్గర. మరి టెట్రిస్ ఏ డబ్బాలో వేస్తాం? 1990లో విండోస్ 3.0తో సాలిటేర్ అనే పేకాట ఇచ్చింది జనానికి మౌస్ పట్టి లాగడం అలవాటు చేయడానికి, ఎన్ని ఆఫీసుల్లో ఎంతమంది దాన్ని ఏళ్ళ తరబడి వదలకుండా ఆడారో మనందరికీ తెలుసు. 2006లో నింటెండో వీ (Wii) అనే టీవీకి తగిలించి ఆడే కన్సోల్ వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ, రిమోట్ ఊపితే టెన్నిస్ ఆడటమేంటి ఇది అసలు గేమింగేనా అని, చివరికి ఆ కన్సోల్ 10 కోట్లకు పైగా అమ్ముడైంది.

మనుషుల్ని విడదీయాలనే ఉంటే గేమ్ డిజైనర్ రిచర్డ్ బార్టిల్ 1996లో చేసిన పద్ధతి నాకు నచ్చుతుంది. ఆయన ఎంతసేపు ఆడతావని అడగలేదు, దేనికోసం ఆడతావని అడిగాడు. లక్ష్యాలు సాధించడం కోసం, ఆట లోకమంతా తిరిగి చూడటం కోసం, మనుషుల కోసం, ఎదుటివాడిని ఓడించడం కోసం. నలుగురూ రాత్రి రెండింటిదాకా మేలుకునేవాళ్ళే కావచ్చు.

నైట్ డ్యూటీ 07

నేను క్యాబ్ నడుపుత. రాత్రి పన్నెండు నుంచి పొద్దుగాల ఏడు దాక రాయదుర్గం దిక్కు కంపెనీలోళ్ళ డ్రాప్‌లు. పార్కింగ్ల ఒక ట్రిప్పుకి ఇంకో ట్రిప్పుకి మధ్యల పదిహేను నిమిషాలు దొరుకుతది, ఒక్కోసారి ఇరవై. ఎరాంగెల్ అనే పెద్ద మ్యాప్‌ల మ్యాచ్ అరగంట, అది నాకు కుదరది. గందుకే టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) ఆడుత, పది నిమిషాలు, నలభై కిల్స్ ముందు కొట్టినోళ్ళు గెలుస్తరు.

నా ఫోన్ కింద పడి కుడి పక్క మీద గీత వచ్చింది, ఆ గీత మీద టచ్ పని చేయది. ఫైర్ బటన్ సరిగ్గ ఆడనే ఉంటది. డిస్‌ప్లే మార్చాలంటే మూడు వేలు అన్నరు. సెట్టింగ్స్‌ల పోయి బటన్ని ఒక వేలెడు లోపలికి జరుపుకున్న, స్కోప్ దాని పైన పెట్టుకున్న, నా బొటనవేలికి ఆ కొత్త జాగ అలవాటు అయ్యే వరకు రెండు నెలలు పట్టింది. ఏసీ బంద్ చేస్తే చెమట, గందుకే డ్యాష్‌బోర్డ్‌ల పౌడర్ డబ్బ పెట్టుకున్న, వేళ్ళకి రాసుకుని ఆడుత. ట్రిప్ వస్తే పక్కన పడేసి బండి స్టార్ట్ చేస్త.

టీడీఎం ఆడేటోళ్ళు క్యాజువల్ అంటరు. ఇనుకుంట వచ్చిన ఇన్ని రోజులు. ఇయ్యాల రాయాలనిపించి రాసిన.

సైనిక్‌పురి ఎడమచెయ్యి

నైట్ డ్యూటీ అన్నా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను.

నాకు యాక్సిడెంట్‌లో కుడి మణికట్టు విరిగింది, ప్లేట్ వేశారు. గట్టిగా వేగంగా బటన్లు నొక్కితే అరగంటకే నొప్పి. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే కొండెక్కే గేమ్‌లో అసిస్ట్ మోడ్ అని ఉంటుంది, గేమ్ స్పీడు పది పది శాతం చొప్పున తగ్గించుకోవచ్చు. నేను డెబ్బై శాతం మీద ఆడి శిఖరం దాకా వెళ్ళాను, కొన్ని గదుల్లో రెండొందల సార్లు చచ్చాను. ఒక ఫ్రెండ్‌కి చెబితే “అది లెక్కలోకి రాదు” అన్నాడు. 2019లో సెకిరో అనే చాలా కష్టమైన గేమ్ వచ్చినప్పుడు ఈజీ మోడ్ పెట్టాలా వద్దా అని ప్రపంచమంతా కొట్టుకుంది, అప్పుడు నేను కూడా వద్దు అనే పక్షమే, ఎందుకంటే అప్పుడు నా చెయ్యి బాగుంది. ఇప్పుడు అలా అనలేను.

డస్ట్‌టూ దిల్‌సుఖ్‌నగర్

అందరివీ చదివాను. ముందు ఉప్పల్ తమ్ముడికి. నువ్వే అని తెలియదు, పేరు పెట్టకుండా రాయడం మంచిదైంది. నీ బాధ నిజం, ఆఖరి జోన్‌లో ఫోన్ కింద పెట్టి వెళ్ళడం మిగతా ముగ్గురికి అన్యాయమే, నేనైనా తిడతా. కానీ అది టైప్ ఆఫ్ ప్లేయర్ సమస్య కాదు, మాట మీద నిలబడటం సమస్య. రోజుకి ఆరు గంటలు ఆడేవాడు కూడా విసుగొచ్చి మధ్యలో లేచి వెళ్ళిపోతాడు, మన గ్రూపులోనే ఒకడున్నాడు, నీకు తెలుసు. వారానికి రెండు మ్యాచ్‌లే ఆడేవాడు ఆ రెండింటికోసం ఇంట్లో ముందే చెప్పి, నీళ్ళ బాటిల్ పక్కన పెట్టుకుని, ఫోన్ ఛార్జ్ చేసుకుని కూర్చుంటాడు.

నీ కష్టానికి పేరు వద్దని నేను అనను. దానికి పేరు ఉంది, కాంకరర్. అది సంపాదించుకున్నది, ఎవరూ తీసేయలేరు. చెస్ చూడు. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ ఫిడే (ప్రపంచ చెస్ సంస్థ) లిస్టులో 2801 రేటింగ్‌తో ఉన్నాడు, ఆ నంబర్ ఆయన ఏం చేశాడో చెబుతుంది. క్లాసికల్‌కి ఒక రేటింగ్, ర్యాపిడ్‌కి ఒకటి, బ్లిట్జ్‌కి ఒకటి, ఒకే మనిషికి మూడు. పార్కులో చెట్టుకింద బోర్డు పరుచుకున్న పెద్దాయనకి నంబర్ లేదు, అంతే, ఆయన్ని వేరే చిన్న మాటతో ఎవరూ పిలవగా నేను వినలేదు. గట్టిగా ఆడినోడికి నంబర్ ఇవ్వు, ర్యాంక్ ఇవ్వు, ఆడనివాడికి పేరు పెట్టకు.

ఇంకోటి, డబ్బు. పీఎస్5 కన్సోల్ 2021 ఫిబ్రవరిలో మన దగ్గర 49,990కి వచ్చింది, కొత్త గేమ్ ఒక్కటి 4,999. ఇంటర్‌లో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి గ్రాఫిక్స్ కార్డుల రేట్లు అడిగి, షాపాయన కార్డు బయటికి తీసి చూపిస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకుని చూసి వచ్చేసేవాళ్ళం. హార్డ్‌కోర్ అనిపించుకునే గేమ్స్ చాలావాటికి ముందు ఆ ఖర్చు పెట్టగలగాలి, ఒక గది ఉండాలి, తలుపు వేసుకోగలగాలి. నైట్ డ్యూటీ అన్నకి అవేవీ లేవు, విరిగిన గీత పక్కన బటన్ జరుపుకుని రెండు నెలలు వేలికి నేర్పుకున్నాడు. ఇంతకంటే గట్టిగా ఆటని పట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ బ్యాన్ అయినప్పుడు, 2022 జూలైలో బీజీఎంఐ స్టోర్‌లోంచి పోయినప్పుడు మన గ్రూపులో సగం మంది వేరే గేమ్స్‌కి వెళ్ళిపోయారు. 2023 మేలో తిరిగి వచ్చిన రోజు మొదట గ్రూపులో మెసేజ్ పెట్టింది ఎవరో పైకి జరిపి చూడు. ఇప్పుడు క్యాజువల్‌లో ఉన్నవాళ్ళే ముగ్గురు.

ఉప్పల్ ఐజీఎల్

చూసిన అన్నా. ముగ్గురు కాదు, నలుగురు.

గ్రూపులు రెండే ఉంటయి, అది నేను మార్చ, ఎందుకంటే ర్యాంక్ ఆడేటప్పుడు ఎవరెవరు దొరుకుతరో నాకు ముందే తెల్వాలె. కానీ పేర్లు తీసేస్త. ఒకటి ‘ర్యాంక్’, ఇంకోటి ‘అన్‌ర్యాంక్’. రోజుకి మూడు గంటలు అనే రూల్ గూడ తీసేస్త. ర్యాంక్ గ్రూపుల రావాలంటే ఒక్కటే రూల్, ఏ రోజు ఎన్ని మ్యాచ్‌లు అన్నది ముందే రాయాలె, మ్యాచ్ మధ్యల లేవొద్దు. లేస్తే ఆ వారం మళ్ళ పిలువ. కాంకరర్ అయినా, నువ్వైనా, నా సొంత తమ్ముడైనా గంతే. హార్డ్‌కోర్ అన్న మాట మంచిదే అని నేను ఇంకా అనుకుంటున్న, దాని మీద నీతోని ఒప్పుకోను.

కొండాపూర్ అక్కా, మా గ్రూపుల ఆడపిల్లలు ఇద్దరున్నరు, ఇద్దర్నీ క్యాజువల్‌ల వేసిన. ఒకామె దినాం రెండున్నర గంటలు ఆడుతది. ఇంకో అరగంట లేదని పక్కకి పెట్టిన, గట్లనే రెండున్నర ఆడే పోరగాణ్ణి మాత్రం ఉంచిన. ఇయ్యాల లిస్ట్ తీసి చూస్తె కనబడ్డది. రాత్రికి ఆమెకి మెసేజ్ చేస్త.

నైట్ డ్యూటీ అన్నా, మేం గూడ రాత్రి ఒంటి గంట తర్వాత టీడీఎం ఆడుతం, వార్మప్‌కి. పదిహేను నిమిషాలు దొరికినప్పుడు ఐడీ పంపు.

డస్ట్‌టూ అన్నా, శనివారం పదిన్నర, రెండు మ్యాచ్‌లు. వస్తవా?

డస్ట్‌టూ దిల్‌సుఖ్‌నగర్

వస్తా. పాప పడుకుంటే పదిన్నర, లేకపోతే పదకొండు. ఏదైనా తొమ్మిదిన్నరకే గ్రూపులో రాస్తా.