అప్‌డేట్: ఈత రాకుండానే నేత్రాణిలో డైవ్ చేశాను

పోయిన నెల అడిగాను కదా, ఈత రాదు, అండమాన్‌కి బడ్జెట్ లేదు, బెంగళూరు నుంచి వీకెండ్‌లో స్కూబా (గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకి దిగడం) ఎక్కడ చేయొచ్చని. కర్ణాటక తీరంలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికి వెళ్లమన్నారు. వెళ్లొచ్చాం!

శుక్రవారం రాత్రి బస్సు, పొద్దున్నే పడవ. దాదాపు గంటన్నర ప్రయాణం. దీవి కనబడేలోపే మా ఆయన తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పించుకున్నారు. తక్కువ తినండీ అంటే వింటేగా! దీవి మీద దిగనివ్వరు, పడవలోంచే నీళ్లలోకి.

రెండు మీటర్లు దిగేసరికి చెవుల్లో పోటు. ఇన్‌స్ట్రక్టర్ నేర్పినట్టు ముక్కు మూసి మెల్లగా ఊదితే టప్‌మని సర్దుకున్నాయి. అలా సర్దుకోకపోతే పైకి వచ్చేయాలి, నొప్పి ఓర్చుకోకూడదు. ఆ తర్వాత టెన్షన్ ఎటుపోయిందో! నా మాస్కుకి జానెడు దూరంలో ఓ చిలుకచేప రాయిని కొరుకుతోంది, ఆ కరకర నీళ్లలో స్పష్టంగా వినిపించింది.

ఒక్కటే చిరాకు. ఫొటోలతో కలిపే రేటు అన్నవాళ్లు ఒడ్డుకొచ్చాక విడిగా డబ్బులడిగారు. ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. వానాకాలంలో డైవింగ్ ఉండదు, అక్టోబర్ దాటాక చూసుకోండి.

మళ్లీ వెళ్దామంటే, మా ఆయన ఈసారి ఒడ్డునే ఉంటారట.